ఎడ్లు వాళ్లవి... పెండ నాది!

ఇంటి ముచ్చట

సంక్రాంతి సెలవులంటే పట్నంలో ఉండే మన ఆడవాళ్లకు కొత్తగా ఏముంటుంది చెప్పండి? ఇల్లు దులుపుకోవడం, ముగ్గులు, పిండివంటలు, వచ్చిపోయే చుట్టాలు. పిల్లలు మరీ గొడవ చేస్తే నాంపల్లి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లి ఒక మిర్చి బజ్జీ తినిపించి తీసుకురావడం. సొంత ఊరు ఉన్నవాళ్లు కూడా "ఆ బస్సుల్లో ఎవరు పడతారమ్మా" అని ఇంట్లోనే ఉండిపోతున్న రోజులివి.

అందుకే ఈ వారం మీకో జాతర ముచ్చట చెబుతాను. మీలో చిన్నప్పుడు ఎడ్లబండి మీద జాతరకు పోయినవాళ్లు చాలామందే ఉంటారు. మీకు ఇదంతా తెలిసిన సంగతే. కానీ నాలా పట్నంలో పుట్టి పట్నంలోనే పెరిగినవాళ్లు కొందరైనా ఉంటారు కదా! నాది సికింద్రాబాద్. పశువుల గురించి నాకున్న పరిచయం పొద్దున్నే గుమ్మం ముందు పడే పాల ప్యాకెట్, నడిరోడ్డు మీద తీరిగ్గా పడుకునే ఆవులు, అంతే. పెళ్లయి ఇరవై రెండేళ్లు. మా ఆడబిడ్డ, అంటే మా వారి అక్క, ప్రతి ఏడాదీ "కొత్తకొండ జాతరకు రాండ్రి" అని పిలుస్తూనే ఉంది. పిల్లల పరీక్షలనో, మా వారికి సెలవు దొరకలేదనో ఏటా వాయిదా పడేది. చివరికి నలభై నాలుగేళ్ల వయసులో, మొన్న సంక్రాంతికి కుదిరింది.

కొత్తకొండ వీరన్న

కొత్తకొండ ఒకప్పటి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఊరు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ మండలం వరంగల్ వైపు పోయింది. ఇప్పుడది హనుమకొండ జిల్లా. మా వదిన మాత్రం "కాయితాల మీద ఏమన్న రాసుకోని, మాది కరీంనగరే" అంటుంది.

అక్కడ వెలసిన స్వామి వీరభద్రుడు. కల్యాణంతో జాతర మొదలవుతుంది. భోగి, సంక్రాంతి రోజుల్లో జనం పోటెత్తుతారు. చివర్లో అగ్నిగుండాలు. మొక్కులు కూడా చిత్రంగానే ఉంటాయి. స్వామికి కోరమీసాలు సమర్పిస్తారు, గుమ్మడికాయలు ఇస్తారు. మనం హల్వాకూ, వడియాలకూ, దిష్టికీ తప్ప గుమ్మడికాయను పట్టించుకోం కదా, అక్కడ చూడాలి! తల మీద ఒకటి, చంకలో ఒకటి పెట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్లే ఎక్కడ చూసినా.

ఇంకో విశేషం ఏమిటంటే ఒక్కో ఊరి నుంచి ఒక్కో రకం రాక. కడిపికొండ కుమ్మరులు బోనంతో వస్తారు. కొత్తపల్లి నుంచి రథాల్లా అలంకరించిన ఎడ్లబండ్లు వస్తాయి. వేలేరు నుంచి మేకల బండ్లు వస్తాయి. ఇవిగాక చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఎవరి బండి వాళ్లు కట్టుకుని గుడి చుట్టూ తిప్పుతారు. దీన్నే బండ్లు తిరుగుడు అంటారు. మా వదిన వాళ్ల బండి కూడా ఏటా తిరుగుతుంది.

జాతరకు ముందురోజు

వదిన వాళ్లది ములుకనూరు దగ్గర చిన్న పల్లె. మూడెకరాల పత్తి, కాస్త వరి, రెండు బర్రెలు, ఒక జత ఎడ్లు. ఎడ్ల పేర్లు మైలోడు, ఎర్రోడు. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాయి.

మేం వెళ్లిన రోజు సాయంత్రం ఇంటి ముందు పెళ్లి హడావుడి లాగే ఉంది. అన్నయ్య, మా మేనల్లుడు కలిసి ఎడ్లను కడిగారు. కొమ్ములు గీకి రంగు వేశారు. కొమ్ముల చివర కుచ్చులు, మెడలో గజ్జెల పట్టీలు, వీపు మీద అద్దాలు కుట్టిన గుడ్డ. కొత్త ముకుతాళ్లు, కొత్త పగ్గాలు. చక్రాలకు పసుపు, కుంకుమ. చుట్టూ చేరిన మగవాళ్లు "ఎర్రోని నడక జూడుండ్రి" అని మెచ్చుకుంటుంటే అన్నయ్య మీసం మీద చెయ్యి దిగలేదు. మా అమ్మాయి ఫోనులో ఫొటోల మీద ఫొటోలు తీసింది.

మర్నాడు పొద్దున నాలుగున్నరకు బకెట్ చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటికి వస్తే మంచు. గొడ్ల కొట్టంలో గుడ్డి బల్బు వెలుగుతోంది. వదిన ఒక్కతే. పెండ తీసి తట్టకెత్తి పెంటకుప్ప మీద వేసి వస్తోంది. తడిసిన గడ్డి ఊడ్చి, పొడిగడ్డి పరిచింది. రాత్రి కడుగునీళ్లు, తవుడు, ఉలవలు ఉడికించిన నీళ్లు కలిపి కుడితి పెట్టింది. తర్వాత బోరింగు దగ్గర నుంచి గోలెం నిండేదాకా నీళ్లు మోసింది. నేనూ ఒక చెయ్యి వేశాను కానీ నా రెండు బకెట్లకు సగం నీళ్లు నా చీర మీదే పడ్డాయి. నిద్రకళ్లతో వచ్చి నిలబడ్డ మా అమ్మాయి లెక్కపెట్టింది... ఆ ఒక్కపూటకే తొమ్మిది బకెట్లు.

ఇదేమంత లెక్క కాదట. ఎండాకాలంలో ఒక్కో ఎద్దు రోజుకు నలభై లీటర్ల దాకా తాగుతుంది. ఒక్కో దానికి రోజుకు పది కిలోలకు పైనే పెండ. ఆదివారం, పండుగ, జ్వరం, నెలసరి ఏవీ దానికి పట్టవు. మనం వంటింటికి సెలవు లేదని అనుకుంటాం. కొట్టానికి అసలే లేదు.

పెండ చేత్తోనే వదిన నాతో అన్న మాట ఇది. "ఈ ఉగాదికి ఎడ్లను అమ్ముమంటున్న. మీ అన్న ఇనడు. దున్నుడు ట్రాక్టర్ తోనే, కోసుడు మిషిన్ తోనే. పత్తిల గుంటుక తోలుడు నెల రోజుల పని. ఇగ ఈ జాతర. దీనికోసం ఏడాదంత నేను సాకాల్నా? మోకాళ్లు గుంజుతున్నయే పిల్లా!"

ఇంత ముద్దుగా పెంచుకున్న ఎడ్లను అమ్మమని అడుగుతున్నది ఇంటి ఇల్లాలు. వద్దంటున్నది మగవాళ్లు. "మీకు ప్రేమ లేదా వదినా?" అని అడిగితే నవ్వింది.

"ప్రేమ లేకనేనా ఎనిమిదేండ్లు చేసింది? జాతరల ఎడ్లు వాళ్లయి. కొట్టంల పెండ నాది. గంతే!"

బుక్కుల పడని చాకిరి

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ములుకనూరు పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1956లో అక్కడ రైతులు పెట్టుకున్న సహకార సంఘం దేశమంతా పేరు తెచ్చుకుంది. 2000లో అదే ఊళ్లో ఆడవాళ్లు మహిళా డెయిరీ పెట్టుకున్నారు. అందులో సభ్యులు ఆడవాళ్లే. 'స్వకృషి' పేరుతో పాలు, పెరుగు అమ్ముతారు. మా వదిన కూడా అందులో సభ్యురాలు. పొద్దున, సాయంత్రం పాలు పోసి వస్తుంది. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, డబ్బు ఎంత అన్నీ బుక్కులో రాస్తారు. ఆ డబ్బు ఆమెదే.

అందుకే ఆమె లెక్క సూటిగా ఉంది. "బర్రెకు చేస్తే పాలిస్తది. పైసలు నా బుక్కుల పడ్తయి. ఎడ్లకు చేసిన చాకిరి ఏ బుక్కుల పడ్తది చెప్పు?"

చదువుకున్న మనం కూడా ఇంత బాగా అడగలేం. మన ఇళ్లలోనూ ఇలాంటి పనులు ఎన్ని లేవు! పండుగకు అందరూ మెచ్చుకునే వస్తువు ఒకటి ఉంటుంది. దాని వెనక ఏడాది పొడుగునా ఎవరో తుడుస్తూ, కడుగుతూ, దాస్తూ ఉంటారు. మెప్పు వస్తువుకు పోతుంది, లేదా దాన్ని బయటికి తీసుకెళ్లినవాళ్లకు పోతుంది.

బండ్లు తిరిగిన వేళ

సంక్రాంతి నాడు పదింటికి బయల్దేరాం. సద్దిమూటలో జొన్నరొట్టెలు, నువ్వులపొడి, పులిహోర, డబ్బా నిండా సకినాలు. సకినాలంటే తెలంగాణ సంక్రాంతి అని మీకు తెలుసు. కొత్త బియ్యం నానబోసి, పిండి పట్టించి, అందులో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, తడి గుడ్డ మీద వేళ్లతో చుట్లు చుట్లుగా అల్లి నూనెలో వేయిస్తారు. దారి ప్రయాణానికి ఇంతకన్నా మంచి తిండి లేదు. నలగవు, చెడవు, పిల్లలకు పంచవచ్చు.

ఎడ్లబండి మీద కూర్చోవడం నాకు మొదటిసారి. కింద గడ్డి, దాని మీద చద్దరు పరిచినా ప్రతి గుంతా నడుముకు తెలిసింది. దారిలో ముందూ వెనకా బండ్లే. మధ్యమధ్యలో ట్రాక్టర్లు కూడా. వాటికీ మామిడాకులు, చీరలు, బంతిపూలు కట్టారు. "ముందుగాల అన్ని బండ్లే ఉంటుండె. ఇప్పుడు సగం ట్రాక్టర్లే" అన్నాడు అన్నయ్య. ఆ గొంతులో దిగులు తెలుస్తోంది.

జాతర దగ్గరికి వచ్చేసరికి కళ్లు తిరిగాయి. గాజుల దుకాణాలు, పేలాలు, బెల్లం జిలేబీ, బూరలు, రంగులరాట్నం, ఇనుప పెనాలు, కొడవళ్లు, గంపలు, రోకళ్లు. పట్నంలో నాలుగు షాపులు తిరిగినా దొరకని బరువైన పెనం అక్కడ కొన్నాను. గుడి దగ్గర డప్పులు, గుమ్మడికాయల గంపలు. దర్శనానికి రెండు గంటలు పట్టింది. ఎవరూ విసుక్కోలేదు. ముక్కూ మొహం తెలియని ఆవిడ తన గంపలోని పేలాలు మా పిల్లల దోసిట్లో పోసింది.

మధ్యాహ్నం దాటాక బండ్లు తిరగడం మొదలైంది. వరసగా గజ్జెల మోత, దుమ్ము, కేకలు. మా బండి మీద ముందర అన్నయ్య, పక్కన మేనల్లుడు తలపాగాలు చుట్టుకుని కూర్చున్నారు. మేం ఆడవాళ్లం చెట్టు కింద నిలబడి చూస్తున్నాం. మా అమ్మాయి నా చెవిలో "అమ్మా, ఇంత చప్పుడుకు వాటికి భయం వేయదా?" అంది.

అది అడిగిన మంచిదో చెడ్డదో, ఎవరో ఆకతాయి పిల్లలు టపాసుల సరం అంటించారు. మా బండి సరిగ్గా అక్కడికే వచ్చింది. మైలోడు ఒక్కసారి బెదిరి ముందుకాళ్లు ఎత్తాడు. కాడి వంకరపోయింది. ఎర్రోడు పక్కకు లాగాడు. బండి ఒక చక్రం మీద ఊగింది. అన్నయ్య పగ్గం గుంజుతున్నాడు, మేనల్లుడు దూకి ముకుతాడు పట్టుకోబోయాడు. గుంజినకొద్దీ ఎద్దు ఇంకా బెదిరింది. చుట్టూ చిన్నపిల్లలు, ముసలివాళ్లు. జనం కేకలు వేస్తూ వెనక్కి తోసుకున్నారు. నా ప్రాణాలు నా దగ్గర లేవు.

వదిన ఎప్పుడు వెళ్లిందో నేను చూడలేదు. చూసేసరికి పక్క నుంచి మైలోడి కళ్లకు కనిపించేలా నిలబడి ఉంది. పరుగెత్తలేదు, అరవలేదు. "ఓ మైలా... ఏం లేదు బిడ్డా... ఓ... ఓ..." అంటూ పొద్దున కుడితి పెట్టేటప్పుడు అనే మాటలే అంటోంది. పగ్గం వదులు చెయ్యమని అన్నయ్యకు చేత్తో సైగ చేసింది. మెల్లగా దగ్గరికి వెళ్లి మెడ కింద గోకింది. ఎద్దు చెవులు ఆమె వైపు తిరిగాయి. ముక్కుతో పెద్దగా ఒక ఊపిరి వదిలి నిలబడిపోయింది. ఇదంతా నిమిషం కూడా పట్టి ఉండదు.

మిగతా రెండు చుట్లూ వదిన ఎద్దు మెడ మీద చెయ్యి వేసి పక్కనే నడిచింది. మోకాళ్ల నొప్పులతోనే నడిచింది. జనంలో ఒక ముసలాయన అన్నాడు: "పగ్గం పట్టినోని మాట ఇనదు, కుడితి పెట్టినామె మాట ఇంటది." ఆ మాట అన్నయ్య కూడా విన్నాడు.

చెట్టు కింద పంచాయితీ

బండి విప్పి, ఎడ్లకు గడ్డి వేసి, చెట్టు కింద సద్ది విప్పాం. ఎవరికీ మాట రావడం లేదు. చివరికి అన్నయ్యే "ఉగాదికి అమ్ముదాం లే. నీకు చాతనైతలేదు గద" అన్నాడు.

వదిన రొట్టె తుంచుతూనే చెప్పింది. కోపం లేదు, కళ్లనీళ్లూ లేవు. "అమ్మాల్నంటే అమ్ముదాం. ఉంచాల్నంటే నా మాట ఇనుండ్రి. ఎడ్ల నీళ్లు, ఎడ్ల పెండ మీ అయ్యకొడుకులయి. ఒకరోజు నువ్వు, ఒకరోజు వాడు. కుడితి నేను పెడ్త. పెంటకుప్ప సగం మన చేనుకు, సగం అమ్ముడు. అమ్మిన పైసలు నా బుక్కుల పడాలె. గిదయితదా చెప్పుండ్రి."

మేనల్లుడు తల గోక్కున్నాడు. పొద్దున ఎనిమిదింటికి గానీ లేవని పిల్లాడు మరి! అన్నయ్య మాత్రం కాసేపు ఎడ్ల వైపు చూసి "అయితది" అన్నాడు.

కథ అక్కడితో సుఖాంతం అనుకోకండి. మొన్న ఆదివారం ఫోన్ చేసి అడిగాను. "అన్నయ్య తన వంతు ఒక్కరోజు కూడ తప్పలే. పిలగాడు నెలల పది దినాలు చేస్తడు, కడమ దినాలు ఏదో సాకు. చేయని నాడు వాని చాయ్ నేను పెడ్తలేను" అంది. పెంట రెండు ట్రాక్టర్లు అమ్మారట. డబ్బు ఆమె ఖాతాలోనే పడింది. దాంతో మోకాళ్లకు హనుమకొండలో డాక్టరుకు చూపించుకుంది. ఎడ్లు ఈ ఏడాదికి ఉన్నాయి. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడే.

అమెరికాలోనూ జాతరే!

ఫొటోలు హ్యూస్టన్‌లో ఉండే మా తమ్ముడికి పంపితే "అక్కా, మా ఊళ్లోనూ ఇలాంటిదే ఉంది" అన్నాడు. అక్కడ ఏటా మార్చిలో పశువుల జాతర జరుగుతుంది. 1932 నుంచీ ఉందట. ఆవులు, మేకలు, కోళ్లు తీసుకొచ్చి పోటీ పెడతారు. బడిపిల్లలు తాము పెంచిన పశువులను వేలం వేస్తే వచ్చే డబ్బు వాళ్ల చదువుకు పనికొస్తుంది. రంగులరాట్నాలు, తినుబండారాలు మామూలే.

దానితోపాటు 'రోడియో' అనే ఆట. బెదిరి ఎగిరే ఎద్దు మీద ఒంటి చేత్తో పట్టుకుని ఎనిమిది సెకన్లు కూర్చోవాలి. ఎనిమిది సెకన్లే! అదే మహా కష్టం. పశువుల మందలు కాసేవాళ్లు చేసే పనే క్రమంగా ఆటగా మారింది. అక్కడా మొదట్లో ఆడవాళ్లకు చోటు అంతంతమాత్రమే. 1948లో టెక్సాస్‌లో 38 మంది ఆడవాళ్లు కలిసి సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని మెరుపులా తిప్పే పోటీ ఇప్పుడు వాళ్ల పేరు మీదే నడుస్తోంది.

నాకు ములుకనూరు డెయిరీ గుర్తొచ్చింది. దేశం ఏదైనా ఆడవాళ్లు తమ పేరు మీద ఒక పుస్తకం తెరుచుకున్నాకే వాళ్ల పనికి లెక్క వచ్చింది.

ఎద్దు గడప దాకా వచ్చే పండుగ

మా వదిన తోటికోడలిది ఆదిలాబాద్ వైపు. ఆమె ఈ కథంతా విని "మా దిక్కు పొలాల నాడు రాండ్రి. ఎడ్లకు ముందు మొక్కేది మేమే" అంది. పొలాల అమావాస్య శ్రావణమాసం చివర వస్తుంది. పక్కనున్న మహారాష్ట్రలో పోలా అంటారు. ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు. కడిగి, రంగులు వేసి, బాసింగాలు కట్టి, ఊరి హనుమంతుని గుడి దగ్గరికి తోలుకుపోతారు. తిరిగి ఇంటికి వచ్చినప్పుడు ఇల్లాలు గడప దగ్గర నిలబడి వాటి కాళ్లు కడిగి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, వండిన భక్ష్యాలు ముందు వాటికే తినిపిస్తుంది. ఎడ్లు లేనివాళ్లు మట్టి ఎడ్లు కొనుక్కుని పూజిస్తారు. పత్తి చేలల్లో ఇంకా ఎడ్ల గుంటుక నడుస్తోంది గనుక అక్కడ పండుగ బలంగానే ఉంది.

వేములవాడ రాజన్న దగ్గర కోడె మొక్కు మీలో చాలామంది తీర్చుకునే ఉంటారు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తాం. పూర్వం కోడెదూడ పుడితే రేపటి ఎద్దు అని సంబరం. ట్రాక్టర్లు వచ్చాక మగదూడ ఇంటికి బరువైంది. దేవుడికి ఇచ్చేసిన కోడెలను దేవస్థానం వాళ్లు రైతులకు అప్పగించడం కూడా చూస్తున్నాం. ఈసారి వేములవాడ వెళ్తే పగ్గం చేతిలోకి తీసుకునే ముందు ఒక్కసారి ఆ కోడె కళ్లలోకి చూడండి. ఈ పూట దానికి నీళ్లు ఎవరు పెట్టారో అని ఒక్క క్షణం ఆలోచించండి.

మీరూ వెళ్తారా?

మొదటిసారి పిల్లలతో జాతరకు వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు:

1. నూలు చీర లేదా చుడీదార్, వెనక పట్టీ ఉన్న చెప్పులు మంచివి. బంగారం ఇంట్లో పెట్టి వెళ్లండి. చిల్లర ఎక్కువగా పట్టుకెళ్లండి.

2. పిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే ఒక గుర్తు చెప్పుకోండి.

3. ఆడవాళ్లకు మరుగు సమస్య ఉంటుంది. దిగగానే మరుగుదొడ్లు ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోండి. సిగ్గుపడి నీళ్లు తాగడం మానేయకండి.

4. ఎద్దు వెనక నిలబడకండి. దానికి కనిపించేలా పక్క నుంచి, మాట వినిపిస్తూ దగ్గరికి వెళ్లండి. యజమానిని అడగకుండా ముట్టుకోవద్దు. పిల్లల చేత టపాసులు, బూరలు బండ్ల దగ్గర మోగించనివ్వకండి.

5. ఫొటో తీసేముందు అడగండి. ముఖ్యంగా ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా జాతరకు వెళ్లేవాళ్లు. అక్కడ మెస్రం వంశం గోండులు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి పూజ చేస్తారు. కొత్త కోడళ్లను నాగోబా ముందు నిలిపి పరిచయం చేస్తారు. వంశంలో 22 శాఖలుంటే 22 పొయ్యిలే! ఎన్ని కుటుంబాలు వచ్చినా వంతుల వారీగా వాటి మీదే వండుకుంటారు. మనం నలుగురు తోటికోడళ్లం ఒక గ్యాస్ పొయ్యి దగ్గర ఎంత సర్దుకుంటామో అందరికీ తెలిసిందే. అది వాళ్ల ఇంటి పూజ. చుట్టాల్లా వెళ్లాలి, చుట్టాల్లా నడుచుకోవాలి.

6. ఎవరింటికి వెళ్తే వాళ్ల ఇంటి పనిలో ఒక చెయ్యి వేయండి. ముగ్గురు ఆడవాళ్లు వండుతుంటే మనం ఫొటోలు తీసుకుంటూ కూర్చోవద్దు.

మా అమ్మాయి తీసిన జాతర ఫొటోల్లో కొమ్ములకు రంగులు పూసిన ఎడ్లు ఎంతో అందంగా వచ్చాయి. వాటన్నింటిలోకీ మా వదినకు నచ్చింది ఒక్కటే. మంచులో, గుడ్డి వెలుతురులో, చేతిలో బకెట్‌తో తను నిలబడి ఉన్నది. "నన్ను గిట్ల ఎవలు ఫొటో తీయలే" అంది. ఫ్రేమ్ కట్టించి పంపాను. ముందు గదిలో, ఎడ్ల ఫొటో పక్కనే పెట్టుకుందట.

మీ ఇంట్లో కూడా పండుగనాడు అందరూ చూసే వస్తువు, ఏడాదంతా ఎవరూ చూడని చాకిరీ ఉండే ఉంటాయి. ఆ చాకిరీలో సగం ఎవరికి అప్పజెప్పగలిగారు, ఎలా అప్పజెప్పారు? మాకు రాయండి. సాకులు చెప్పే కొడుకులను దారిలో పెట్టిన చిట్కాలుంటే తప్పకుండా రాయండి. మా వదినకు చదివి వినిపించాలి!